విదేశాలకు ఆరు వందలు

పెద్ద నీళ్ళు వంతెన మీదుగా పోయిన ఏడాదికి మరుసటి ఏడు జరిగిందిది. మలేసియా సరిహద్దు వైపున్న మా చనా ఊళ్ళో ఏ సంగతి చెప్పినా ఆ నీళ్ళకి ముందా వెనకా అనే చెప్పుకుంటాం.

గురువారం మధ్యాహ్నం మా కోడలు సూరైదా పంజరాన్ని వెనక్కి తెచ్చింది.

పొద్దున్న పోస్టాఫీసుకి ఎలా తీసుకెళ్ళిందో అలాగే తెచ్చింది. మోటారుసైకిలు పక్కబండి కమ్మీకి తగిలించి, పైన ఆకుపచ్చ గుడ్డ కప్పి. నేను వాకిట్లో కూర్చుని వెదురు చీలుస్తున్నాను. మలుపులో ఆ గుడ్డ కనబడగానే కత్తి కింద పెట్టాను.

"తీసుకోలేదా?" వంటింటి గుమ్మంలోంచి అడిగింది మా ఆవిడ సైనాబ్.

సూరైదా బండి ఆపింది. బండి దిగింది. పంజరాన్ని ఒక్క వేలికి తగిలించుకుని తెచ్చి చూరు కింద కొక్కేనికి వేలాడదీసింది. ఆ తర్వాతే హెల్మెట్ తీసింది.

"తీసుకుంటారు మా. నాలుగు వేల రెండు వందల బాత్ కడితే తీసుకుంటారట."

మా వైపు అమ్మనైనా అత్తనైనా మా అంటారు, నాన్ననైనా మామనైనా పా, మొగుణ్ణైనా అన్ననైనా బాంగ్. సైనాబ్ గరిటె పట్టుకునే గుమ్మం దాటి వచ్చింది.

"పంపే ఖర్చని నువ్వు రాసిందెంత?"

"ఆరు వందలు."

ఇంట్లో పొయ్యి మీద కొబ్బరిపాలు పొంగిన చప్పుడైంది. ఎవరూ కదల్లేదు.

ఫోనులో పెట్టిన వేలంలో పంజరం పోయింది ఆదివారం. మూడున్నర వేలకి పాడింది బెల్జియం దేశపు ముసలావిడ, పేరు లీవ్. ఆ రాత్రే పంపే ఖర్చు ఆరు వందలు కలిపి మొత్తం డబ్బు పంపేసింది. శనివారం మధ్యాహ్నం పోస్టు మూసేలోగా పంజరం బయల్దేరకపోతే పాట రద్దవుతుంది. అమ్మినవాళ్ళు మాట తప్పారని అందరికీ కనబడేలా రాస్తారు. సూరైదా పెట్టిన చిన్న కొట్టు, ఆ ఫోనులో ఉండే కొట్టు, దాంతో మూతపడ్డట్టే.

అది మూతపడితే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. ఆదివారం రాత్రే మా అబ్బాయి రొమ్లీ అన్నం ముందు కూర్చుని తేల్చేశాడు. ఈ ఒక్క పంజరం సరిగ్గా బయల్దేరితే సరే, లేదంటే సోమవారం నుంచి సూరైదా తనతోపాటు సొంగ్‌ఖ్లా చేపల, రొయ్యల ఫ్యాక్టరీ వ్యాను ఎక్కాలి. మేస్త్రీతో మాట్లాడేశాడు కూడా.

సూరైదా అప్పుడు సరేనంది. రొయ్య తొక్క తగిలితే దాని చేతులు పుండ్లు పడతాయని అప్పుడు చెప్పలేదు. పెళ్ళికి ముందు రెండు నెలలు ఆ పని చేసి వదిలేసింది.

"పద," అన్నాను నేను.

"ఎక్కడికి పా?"

"పోస్టాఫీసుకి."

"అక్కడ కూర్చునే ఆవిడ కొలిచి చూసింది పా. నేను రెండుసార్లు అడిగాను."

నేను కొక్కెం నుంచి పంజరం తీశాను.

పోస్టాఫీసులో కూర్చునే పికుల్ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. వాళ్ళ నాన్నకి పాటల పోటీ గువ్వల పిచ్చి ఉండేది. పంజరం నా దగ్గరే కొనేవాడు.

"బాబాయ్, మీరు కూడా వచ్చారా," అంది నన్ను చూసి. "మీ కోడలు నన్ను తిట్టుకుంటూ పోయిందనుకున్నా. ఇప్పుడు పంచాయతీకి పెద్దని తెచ్చింది."

"తూచు," అన్నాను.

తూచింది. కాటా ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. నాకు కొంచెం గర్వం వేసింది. పాటల పోటీకి పెట్టే పంజరం వేలి మీద తూగాలి. బరువుంటే పందిరి మీద కట్టిన గడ ఊగదు, గడ ఊగకపోతే గువ్వ పాడదు. ఊళ్ళో ఎవరు పంజరం కొన్నా ముందు వేలికి తగిలించి చూస్తారు. బాగుందని నోటితో చెప్పరు. వేలు ఆడిస్తారు.

"చూశావుగా. ఏముంది దీంట్లో?"

"ఏమీ లేదు బాబాయ్. గాలి ఉంది." పికుల్ టేపు తీసి అడ్డంగా పట్టింది, నిలువుగా పట్టింది. "దూరదేశానికి విమానంలో పోయే పెట్టెకి బరువొక లెక్క, ఆక్రమించిన చోటొక లెక్క. రెండిట్లో ఏది ఎక్కువైతే అది. ఈ గాలి ఉన్నచోట వాళ్ళు ఇంకో పెట్టె పెట్టుకోలేరు కదా."

"గాలికి డబ్బులా?"

"నేను పెట్టిన రూలా? మీ అబ్బాయి సరిహద్దు దాటే పడంగ్ బెసార్ వ్యానులో పంపినంతకాలం ఎవడడిగాడు? వ్యానువాడు సీటు వెనక తగిలించుకుని పోయేవాడు."

సూరైదా కిటికీ వైపు తిరిగి నిలబడింది. పికుల్ గొంతు తగ్గించింది.

"అమ్మాయ్, బాధపడకు. నిన్న మా పిన్ని చాపలు పంపింది జపాన్‌కి. అవి నయం, చుట్టేసింది. పంజరాన్ని చుట్టలేం కదా."

నేను పంజరాన్ని మళ్ళీ వేలికి తగిలించుకున్నాను.

దారిలో సూరైదా బండి నెమ్మదిగా నడిపింది. నేను పక్కబండిలో కూర్చుని పంజరాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను. అది మామూలు వెదురు కాదు. పెద్ద నీళ్ళప్పుడు మా ఇంటి వెనక మోపు బురదలో కూరుకుపోయింది. కొత్త వెదురు తేవడానికి దారి లేక దాన్నే తవ్వి తీశాను. అన్ని నెలలు బురదలో నానేసరికి ఊచలు ముదురు ఎరుపులోకి తిరిగాయి. అలాంటి రంగు పూత పూస్తే రాదు. మిగిలింది ఈ ఒక్క పంజరానికే సరిపోయింది.

"పా," అంది సూరైదా, రోడ్డు చూస్తూనే. "నేను ఫ్యాక్టరీకి పోను."

నేను ఒళ్ళో పంజరాన్ని సర్దుకున్నాను.

"మీరేమన్నా సరే పోను. రొమ్లీతో నేనే చెప్తాను."

"నేనేమన్నాను?" అన్నాను.

రొమ్లీ పొద్దుగూకే వేళకి వచ్చాడు. చూరు కింద పంజరం చూశాడు. బూట్లు విప్పకుండానే అడిగాడు.

"ఇంకా ఇక్కడే ఉందేంటి?"

సూరైదా చెప్పింది. తప్పించకుండా, మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. వాడు విన్నంతసేపూ బూట్ల మీద ఆరిపోయిన ఉప్పు గీరుతూ కూర్చున్నాడు.

"నేను ముందే చెప్పాను," అన్నాడు చివరికి. "చూడకుండా రాయొద్దని చెప్పానా లేదా?"

"ఎప్పుడు చెప్పావు?"

"చెప్పాను."

"నువ్వు చెప్పింది నేను చెప్తాను విను బాంగ్. పంపే ఖర్చు ఎంత రాయాలి అని అడిగితే పరుపు మీద పడుకుని, కళ్ళు కూడా తెరవకుండా, వ్యానువాడు ఆరు వందలు తీసుకుంటాడు, విదేశాలకు ఆరు వందలు అని రాసెయ్ అన్నావు. అటు తిరిగి పడుకున్నావు."

"విదేశం అంటే విదేశం అనుకున్నాను. బెల్జియం అనుకున్నానా?"

"బెల్జియం విదేశం కాదట్రా?" అంది సైనాబ్ లోపల్నుంచి.

"నువ్వు ఊరుకో మా."

"ఊరుకుంటాను. అడిగానంతే."

తప్పు వాడిదొక్కడిదీ కాదు, దానిదొక్కదానిదీ కాదు. మా ఊళ్ళో విదేశమంటే సరిహద్దు గేటు అవతల కనబడేదే. గువ్వల పోటీలకి కార్లేసుకుని వచ్చేవాళ్ళు, మనలాగే అన్నం తినేవాళ్ళు, పొద్దున్న వచ్చి సాయంత్రం పోయేవాళ్ళు. ఆ మాట ఇంట్లో ఎవరు రాసినా అలాగే రాసేవాళ్ళు. అవతల చదివినావిడ మాత్రం విదేశం అనే మాటలో తన దేశం కూడా ఉందనుకుంది. ఉంది కూడా.

రొమ్లీ లేచి పంజరం దగ్గరికి వెళ్ళాడు.

"ఇంత గొడవెందుకు. కింద పడి విరిగిపోయిందని రాయి. డబ్బు తిప్పి పంపెయ్. విరిగినదాన్ని పంపమని ఎవరూ అడగరు. మచ్చ కూడా పడదు."

"విరగలేదు," అన్నాను.

"తెలుసు పా. ఊరికే రాయడానికి."

"విరగలేదు."

వాడు నా వైపు చూశాడు. నేను పంజరం వైపు చూశాను.

"పోనీ రేపు పొద్దున్న పంజరాలు కొనే సలే వస్తున్నాడు," అన్నాడు. "పోటీల మైదానం నుంచి తిన్నగా ఇక్కడికే. బురద వెదురు పంజరం ఉందని విన్నాడు. మూడు వేలు చేతిలో పెట్టి తీసుకుపోతానన్నాడు. టేపులూ లేవు, విమానాలూ లేవు. వేలికి తగిలించుకుని పోతాడు."

"అమ్మేసినదాన్ని మళ్ళీ ఎలా అమ్ముతాం?" అంది సూరైదా.

"ఇంటి చూరుకే ఉందిగా."

"డబ్బు తీసుకున్నాం బాంగ్."

"ఇచ్చేద్దామంటున్నాగా. నీకేం కావాలసలు? నాలుగు వేలు మనమే కట్టి మూడున్నర వేల సరుకు పంపాలా? అదేనా వ్యాపారం?"

"కాదు."

"మరి?"

"తెలీదు. కానీ విరిగిందని రాయను."

సైనాబ్ ముడుచుకున్న కొంగు దులుపుకుంటూ బయటికి వచ్చింది. అందరి ముందూ అన్నం పళ్ళెం పెట్టింది. ఊరిన చేపల బూడూ పులుసు గిన్నె మధ్యలో పెట్టింది.

"దురియన్ పళ్ళు అమ్మేటప్పుడు తొక్కతో తూస్తానా, ఒలిచి తూస్తానా ముందే చెప్తాను," అంది. "చెప్పకుండా తూచి, ఆనక తొక్కకి వేరే డబ్బంటే మనిషి నా మొహాన కొట్టిపోతాడు. వాళ్ళకి మన తొక్క సంగతి చెప్పలేదు. ఇప్పుడు చెప్పండి. ఏమంటుందో అంటుంది."

"ఏమంటుంది, తిడుతుంది," అన్నాడు రొమ్లీ.

"తిట్టనీ. తింటూ వింటాం."

సూరైదా అన్నం ముట్టకుండా ఫోను తీసుకుంది. ఆ పిల్లకి వచ్చిన ఇంగ్లీషు స్కూల్లో వచ్చినంతే. ఒక్కో ముక్కా టైపు చేస్తూ, మాకు చదివి వినిపించింది. విదేశాలకు అని రాసినప్పుడు మా మనసులో ఉన్నది పక్క దేశమే. మీ దేశం దాకా ఎంతవుతుందో కనుక్కోకుండా రాశాం. పెట్టె పెద్దది కాబట్టి నాలుగు వేల రెండు వందలు అడుగుతున్నారు. తప్పు మాదే. ఏం చేస్తే బాగుంటుందో మీరు చెప్పండి.

"తప్పు మాదే అని రాస్తారా ఎవరైనా?" అన్నాడు రొమ్లీ.

"రాసేశాను," అంది.

మేం చేతులు కడుక్కునేలోగా జవాబు వచ్చింది. వాళ్ళకి అప్పుడు మధ్యాహ్నమట. సూరైదా ఒకసారి తనలో తను చదువుకుంది. రెండోసారి పైకి చదివింది.

"నేను మీ పంజరంతోపాటు ఇంకో పంజరం కూడా చూశాను. దాని ధర మీ దాని కన్నా తక్కువ, పంపే ఖర్చు ఎక్కువ. రెండూ కలిపి చూసుకుని మీది పాడాను. మీరు ఆరు వందలు అని రాయకపోతే పాడేదాన్ని కాదు. నేను పింఛను మీద బతికే మనిషిని. ఇంకో మూడు వేల ఆరు వందలు పెట్టుకోలేను. మీరు నిజం చెప్పినందుకు కోపం లేదు. కానీ వంటింటి కిటికీలో కొక్కెం కొట్టించేశాను. శనివారం దాకా చూస్తాను."

"కిటికీలోనా?" అంది సైనాబ్. "వంటింటి పొగలో గువ్వ బతుకుతుందటే?"

"గువ్వ లేదు మా. ఉత్త పంజరమే. అలా వేలాడదీసి చూసుకుంటుందట."

"గువ్వ లేకుండా?"

"ఊఁ."

సైనాబ్ నా వైపు తిరిగింది. "విన్నావా? నువ్వు అంత కష్టపడి తలుపు మీద చిలక గడియ చెక్కావు. తీసేవాళ్ళే లేరు."

నేను లేచి వెళ్ళి పంజరాన్ని దించాను. దీపం కిందకి తెచ్చి తిప్పి చూశాను. నా పంజరానికి మేకు ఉండదు, జిగురు ఉండదు. చుట్టూ తిరిగే వెదురు కడియాలకి కన్నాలు పొడిచి, ఊచలు గుచ్చి, పైన కొక్కెం బిళ్ళలో కలుపుతాను. బిళ్ళ తిప్పి బిగిస్తే అంతా నిలబడుతుంది.

"విప్పేస్తే ఎంత ఎత్తు ఉంటుంది?" అన్నాను.

ముగ్గురూ నన్నే చూశారు.

"కడియాలు ఒకదాంట్లో ఒకటి పడతాయి," అన్నాను. "ఊచలు కట్ట."

రొమ్లీ నవ్వాడు. సంతోషపు నవ్వు కాదు. "విప్పితే అది పంజరం కాదు పా. కట్టెల మోపు. ఆవిడ డబ్బు కట్టింది మోపుకి కాదు."

"మళ్ళీ కూర్చుకుంటుంది."

"ఎవరు? పింఛను ముసలావిడా? కిటికీలో కొక్కెం కూడా ఎవరితోనో కొట్టించుకుంది."

"అడుగు," అన్నాను సూరైదాతో.

అది అప్పటికే టైపు చేస్తోంది. విడదీసి పల్చటి పెట్టెలో పంపితే, మీరు రాసిన ఆరు వందలకి కాస్త అటూ ఇటూగా తేలుతుంది. పైన పడేది మేమే పెట్టుకుంటాం. మీరు కూర్చుకోగలరా? ఎలా కూర్చాలో మా మామగారి చేతులు వీడియో తీసి పంపుతాను.

ఆ మాటతో పంపింది. ఫోను మధ్యలో పెట్టి అందరం కూర్చున్నాం. నమాజు వేళ అయింది. చేసి వచ్చాం. ఫోను అలాగే ఉంది.

"కూర్చుకోలేదు పాపం," అన్నాడు రొమ్లీ. "ఏం చెప్పాలో తెలీక ఊరుకుంది. పా, నాకు తెలిసినంత నీకూ తెలుసు. అది ఒకసారి ఊడితే మళ్ళీ అలా బిగుసుకోదు. ఎండిన వెదురు. లాగేటప్పుడు నాలుగైదు చీలతాయి. ఆవిడ వద్దంటే నీ చేతిలో ఏమీ మిగలదు. సలే కూడా కొనడు."

"తెలుసు."

"జవాబు వచ్చేదాకా ముట్టుకోకు. అదొక్కటే చెప్తున్నా."

నేను పంజరాన్ని తిరిగి కొక్కేనికి పెట్టాను. వాడు లోపలికి వెళ్ళిపోయాడు. సూరైదా బయటే కూర్చుంది. ఆ ఫోనులో కొట్టు తెరిచి, విదేశాలకు ఆరు వందలు అన్న మాట ఉన్న ప్రతిచోటా తీసేసింది. మలేసియాకి ఇంత, సింగపూర్‌కి ఇంత అని పేరు పేరునా రాసింది. కింద ఇంకో వాక్యం రాసి నాకు చదివింది.

"మిగతా దేశాలవాళ్ళు పాడకముందే అడగండి. పెట్టె కొలిచి చెప్తాం."

"బాగుంది," అన్నాను.

"మూతపడే కొట్టుకి ఇంత శుభ్రం ఎందుకో," అంది. కానీ మళ్ళీ మొదటి నుంచి చదువుకుని, ఒక అంకె సరిచేసింది.

తెల్లవారింది. శుక్రవారం. ఫోనులో ఏమీ లేదు.

ఫ్యాక్టరీ వ్యాను మలుపులో హారన్ కొట్టింది. రొమ్లీ టీ సగం తాగి లేచాడు. సూరైదాతో మాట్లాడలేదు. అది వాడి అన్నం డబ్బా చేతికిచ్చింది. వాడు తీసుకున్నాడు. చూరు కింద ఒక్క క్షణం ఆగాడు.

"సలే తొమ్మిదికి వస్తాడు పా."

"ఊఁ."

"సోమవారం మాట సోమవారమే."

"ఊఁ."

మెట్లు దిగి రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"ఒకవేళ విప్పితే ఊచలకి గుర్తు పెట్టు. లేకపోతే ఆ ముసలావిడ నిన్ను వాళ్ళ భాషలో తిడుతుంది. అర్థం కూడా కాదు నీకు."

వ్యాను వెళ్ళిపోయింది.

సైనాబ్ ఎప్పుడు విన్నదో, తన కుట్టు డబ్బా తెచ్చి నా పక్కన పెట్టింది. ఎర్రదారం, పచ్చదారం, నల్లదారం.  గోడకి ఆనుకుని కూర్చుని ఊచలకి గుర్తు కట్టడానికి దారాన్ని తుంపులు చేయడం మొదలుపెట్టింది.

నేను చాప పరిచాను. పంజరాన్ని దించి మధ్యలో పెట్టాను. సూరైదా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. ఫోను రెండు చేతులతో పట్టుకుంది.

"జవాబు రాలేదు పా," అంది. "వాళ్ళకి ఇంకా తెల్లవారలేదు. వాళ్ళు లేచేదాకా ఆగుదామా?"

వాళ్ళకి తెల్లవారేసరికి మాకు మధ్యాహ్నం. జుమ్మా నమాజు. ఆ తర్వాత విప్పి, గుర్తులు పెట్టి, పల్చటి పెట్టెలో కట్టి, పికుల్ దగ్గర కొలిపించి, శనివారం మూసేలోగా స్టాంపు వేయించాలి. తొందరపడితే వెదురు చీలుతుంది.

రోడ్డు మీద కారు ఆగింది. తలుపు వేసిన చప్పుడు. సలే ముందే వచ్చాడు. వాకిటి బయట నుంచే నన్ను పలకరిస్తున్నాడు. "బాంగ్ దొలా, బురద వెదురుది ఎక్కడ దాచావు?" అంటూ చూపుడువేలు ఆడిస్తూ వస్తున్నాడు.

"వీడియో తీస్తున్నావా?" అని అడిగాను సూరైదాని.

"తీస్తున్నా పా."

కొక్కెం బిళ్ళని ఎడమకి తిప్పాను. బిగువు వదిలింది. సలే గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయాడు. నేను తలెత్తలేదు. మొదటి ఊచని పట్టుకుని, చీలకుండా, మెల్లగా లాగాను.